బ్రస్సెల్స్‌లో మా తాత లొట్టి వాసన

బ్రస్సెల్స్ మిడి స్టేషన్ నుంచి కాంటియోన్ బ్రూవరీకి పది నిమిషాల నడక. వీపు మీద పద్నాలుగు కిలోల బ్యాగు, మార్చి నెల చలి. బయటి నుంచి చూస్తే పాత గోడౌన్‌లా ఉంది. తలుపు తోసి లోపల అడుగు పెట్టగానే నిలబడిపోయాను. పులుపు, తడిసిన చెక్క, కొంచెం గడ్డివాము. మా తాత తాళ్లెక్కి దిగొచ్చాక ఆయన అంగీకి అంటుకుని ఉండే వాసనే ఇది, కాకపోతే చల్లగా ఉంది.

మా తాత నల్గొండ దగ్గర ఒక ఊళ్లో గీత కార్మికుడు. చెట్టెక్కే మోకు, ముస్తాదు పక్కన పెట్టి ఎనిమిదేళ్లయింది. నేను ఈ బ్రూవరీకి వచ్చిందే ఆయన కోసం. ఇక్కడ బీరులో ఎవరూ ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవులను, కలపరని చదివినప్పటి నుంచి మనసు ఇక్కడే ఉంది.

1900లో మొదలైన కుటుంబ వ్యాపారం ఇది. 1978 నుంచి మ్యూజియం కూడా. ముందు ఒకామె పది నిమిషాలు వివరంగా చెప్పి, చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. తర్వాత మన ఇష్టం, ఎంతసేపైనా తిరగొచ్చు.

నేను ఎక్కువసేపు ఉన్నది పైకప్పు కింద. అక్కడ గది మొత్తాన్ని ఆక్రమించుకుని ఒక రాగి తొట్టి ఉంటుంది. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ, మన బెల్లం వండే పెనంలాగా. మొలకెత్తిన బార్లీ, మామూలు గోధుమలు నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని పాత హాప్స్ (బీరులో వేసే ఒక తీగ పువ్వులు) వేసి గంటల తరబడి మరిగించి, సాయంత్రం ఇందులో పోస్తారు. తెల్లారేదాకా చల్లారనిస్తారు. గోడల్లో సందులున్నాయి, వాటిలోంచి రాత్రి గాలి వస్తుంది. ఆ గాలిలో ఉన్న ఈస్టూ, ఆ దూలాల మీద ఉన్న ఈస్టూ కలిసి రసంలో పడతాయి. అంతే, ఇంకేమీ కలపరు. అందుకే చలికాలంలోనే కాస్తారు. వేడి రాత్రుల్లో అక్కర్లేని క్రిములు కూడా పడి రసం చెడిపోతుంది.

మూలల్లో సాలెగూళ్లు కనిపించాయి. కావాలనే ఉంచుతారట. పీపాల చుట్టూ తిరిగే పురుగులను సాలీళ్లు పట్టుకుంటాయి కాబట్టి వాటి జోలికి పోరు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను.

చివర్లో రుచి చూపించారు. మొదటిది లాంబిక్, అంటే ఇలా గాలికి పులిసి పీపాల్లో నిలవున్న బీరు. నురుగు లేదు, బుడగ లేదు, తేనె రంగు. నోట్లో పోసుకోగానే దవడలు ముడుచుకున్నాయి, తర్వాత పచ్చి ఆపిల్, నిమ్మతొక్క. మధ్యాహ్నం దాటిన తాటికల్లు తాగినవాళ్లకు ఈ పులుపు కొత్తేమీ కాదు. రెండోది గూజ్. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు నిలవున్న లాంబిక్‌లను కలిపి సీసాలో పోసి బిరడా వేస్తారు. పడుచు లాంబిక్‌లో మిగిలిన చక్కెర సీసాలోనే మళ్లీ పులిసి బుడగలు కడుతుంది. నా ఓటు దీనికే.

మన దగ్గర రాత్రి చెట్టుకు కట్టిన లొట్టిలో కూడా ఎవరూ ఈస్ట్ వెయ్యరు కదా. పులియకూడదనుకుంటే లోపల సున్నం పూసి నీరా దింపుతారు, లేకపోతే గాలీ లొట్టీ తమ పని చేసుకుపోతాయి. ఈ సంగతి మా తాతకు చెప్పాలనిపించింది. బ్రస్సెల్స్‌లో మధ్యాహ్నం మూడున్నర, ఊళ్లో రాత్రి ఎనిమిది. వీడియో కాల్ చేశాను.

"గాలికి పెట్టి ఊకుంటరా? మరి మన లెక్కనే గదా బిడ్డా" అన్నాడు.

"అవును తాతా. కానీ మూడేండ్లు ఉంచుతరట."

"మూడేండ్లా! మన కల్లు మూడు పూటలు నిలవది." కాసేపు ఆగాడు. "ఏదీ, లొట్లు చూపెట్టు."

ఫోన్ పీపాల వైపు తిప్పాను. కొత్తగా నింపిన ఒకదాని పైరంధ్రంలోంచి తెల్లటి నురుగు ఉబికి, పక్కకు జారి, చెక్క మీద గోధుమరంగు చారలు కట్టింది.

"దగ్గరికి పో" అన్నాడు తాత. ఇంకా దగ్గరికి పోయాను. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని ఆ నురుగునే చూస్తూ ఉండిపోయాడు.