అమ్మ ఫోన్లో కొలతలు

ఫోన్ మారుస్తున్నామని చెప్పగానే అమ్మ అడిగింది ఒక్కటే. "నంబర్లు సరే, నా కొలతలు కూడా వస్తాయా?"

తెనాలిలో మా ఇంటి వరండాలో అమ్మ కుట్టు మిషను ఉంటుంది. ముప్పై ఏళ్లుగా అక్కడే కూర్చుని జాకెట్లు కుడుతోంది. మొదట్లో కొలతలన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేది. 2019లో ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నప్పుడు, నంబరు సేవ్ చేసే చోటే కింద నోట్స్ అని ఒక గడి ఉంటుందని నేనే చూపించాను. ఆ ఒక్క గడి తన పనినే మార్చేసింది. "ఆది జాకెట్టు పంపలేనండీ, కిందటిసారి లాగే కుట్టేయండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఫోన్ పెట్టేసి వాళ్ల పేరు మీదే నొక్కుతుంది. పొడవు 14, భుజం 13½, ఛాతీ 36, నడుము 31, చేయి 10, ముందు మెడ 6½, వెనక మెడ 9. అన్నీ అక్కడే ఉంటాయి. టేపు కూడా తీయక్కర్లేదు.

పేర్లు కూడా మామూలు పేర్లు కావు. 'గులాబీ గేటు', 'పెద్ద జరీ', 'హుక్స్ వెనక', 'బ్యాంకు టీచరు గారు'. కొందరికి ఫొటో బదులు వాళ్లు చివరిసారి కుట్టించుకున్న మెడ డిజైను ఉంటుంది. ఇంకెవరికీ అర్థం కాని ఈ పట్టికే అమ్మ వ్యాపారం.

ఈ సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన అక్క తను వాడిన ఐఫోన్ 14 అమ్మకి ఇచ్చింది. పిల్లలతో ఫేస్‌టైమ్‌లో మాట్లాడుకోవచ్చని తన ఆశ. అక్కడ బయల్దేరే ముందే తన ఆపిల్ అకౌంటు నుంచి సైన్ అవుట్ చేసి, ఫోన్‌ని పూర్తిగా ఎరేజ్ చేసి తెచ్చింది. ఇది తప్పకుండా చేయాల్సిన పని. అలా చేయకుండా ఇస్తే, పాత అకౌంటు పాస్‌వర్డ్ లేకుండా ఆ ఫోన్ కొత్తవాళ్లకి తెరుచుకోదు.

బజార్లో ఒక సెల్ షాపులో అడిగితే, "ఏముందమ్మా, నంబర్లన్నీ సిమ్‌లోకి కాపీ చేసి అందులో వేసేయడమే" అన్నారు. నాకు భయమేసింది. సిమ్‌లో నోట్స్‌కి చోటు లేదు, ఫొటోకి చోటు లేదు. పేరుకి ఉండే చోటు కూడా కొంచెమే. తెలుగులో గుణింతమూ ఒత్తూ కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. 'బ్యాంకు టీచరు గారు' చూడ్డానికి ఏడు అక్షరాలు, ఫోన్ లెక్కలో ఖాళీలతో కలిపి 18. సిమ్‌లోకి పంపితే 'బ్యాంకు' దగ్గరో 'టీ' దగ్గరో తెగిపోతుంది. మా బ్యాంకు కాలనీలో అమ్మకి ఎంతమంది కస్టమర్లున్నారో తలచుకుంటే చాలు.

పైగా ఈ ఫోన్‌కి సిమ్ పెట్టే చోటే లేదు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14వ మోడల్ నుంచి సిమ్ ట్రే తీసేశారు, ఈ-సిమ్ మాత్రమే. అంటే విడిగా కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్. అక్కడి నుంచి ఫోన్ తెప్పించుకునే మనవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది. మనమూ మన నంబరుని ఈ-సిమ్‌గా మార్చుకుంటే అది చక్కగా పనిచేస్తుంది. కానీ ఎప్పుడు మార్చుకోవాలన్నది ముఖ్యం. మన దేశంలో సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. మోసగాళ్లు మన నంబరు మీద కొత్త సిమ్ తీసుకుని ఓటీపీలు లాగకుండా పెట్టిన నిబంధన అది. అందుకని ఓటీపీలతో ఉన్న పనులన్నీ పాత సిమ్ మీదే ముగించి, ఈ-సిమ్ సంగతి ఆఖరున చూద్దామని అనుకున్నాం.

ముందు పాత ఫోన్లో నంబర్లు అసలు ఎక్కడున్నాయో చూశాను. నా మటుకు నాకు, ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఆండ్రాయిడ్ ఫోన్ తెర మీద అన్ని పేర్లూ ఒకే వరసలో కనిపిస్తాయి గానీ, అవి ఒకే చోట ఉండవు. కాంటాక్ట్స్ యాప్‌లో అకౌంట్ల వారీగా చూసే ఏర్పాటు ఉంటుంది. ఫోన్‌ని బట్టి ఆ బటన్ చోటు మారుతుంది. అక్కడ చూస్తే అమ్మ ఫోన్లో మొత్తం 640 నంబర్లు. అందులో సిమ్‌లో 148, ఫోన్ మెమొరీలో 361, జీమెయిల్ అకౌంటులో 131.

ఇలా ఎందుకైందో కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. సిమ్‌లోవి కీప్యాడ్ ఫోన్ కాలం నాటివి, నాన్న ఇంగ్లీషు అక్షరాల్లో కుదించి టైపు చేసినవి. 2019లో ఫోన్ కొన్నప్పుడు అమ్మకి జీమెయిలే లేదు, అందుకని అప్పటినుంచి సేవ్ చేసినవన్నీ ఫోన్‌లోనే పడ్డాయి. కొన్నాళ్లకి నేను జీమెయిల్ పెట్టిచ్చాక సేవ్ చేసినవి మాత్రం అందులోకి వెళ్లాయి. "నా జీమెయిల్ ఉంది కదా, అన్నీ అందులో ఉంటాయి" అని ఐఫోన్‌లో లాగిన్ అయ్యుంటే 131 మందే వచ్చేవాళ్లు. కొలతలున్న వాళ్లలో ఎక్కువమంది ఆ 361లో ఉన్నారు. అది తెలిశాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ ఫోన్ ఎప్పుడైనా నీళ్లలో పడుంటే అమ్మ ఇన్నేళ్ల పని పోయేది.

పొద్దున్నే మొదలుపెట్టాను. సిమ్‌లోవి తేలిక. పాత ఫోన్లోనే సిమ్ నుంచి ఇంపోర్ట్ అని నొక్కి, ఎక్కడికి అని అడిగినప్పుడు జీమెయిల్ అకౌంటు ఎంచుకున్నాను. ఫోన్ మెమొరీలో ఉన్నవాటిని ఎక్స్‌పోర్ట్ చేస్తే పేర్లూ నంబర్లూ నోట్సూ అన్నీ కలిసి ఒక వీసీఎఫ్ ఫైలుగా వచ్చాయి. జాగ్రత్త కోసం దాన్ని నా లాప్‌టాప్‌లోకి తీసుకుని, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. గుండె ఆగినంత పనైంది. ఒక్క తెలుగు అక్షరం లేదు. పేర్ల చోట వరసగా ఈ-సున్నా, బీ-సున్నా, మళ్లీ ఈ-సున్నా, బీ-సున్నా అంటూ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ.

కాసేపటికి గాని తేరుకోలేదు. అదేమీ పాడైపోయిన ఫైలు కాదు. వీసీఎఫ్ ఫైలు రాసే వీకార్డ్ అనే ఈ పద్ధతి పాతది. మా అమ్మ ఫోన్ వాడింది అందులో 2.1 వెర్షన్, అది 1996 నాటిది. ఇంగ్లీషు కాని అక్షరాలని అందులో ఇలా సంకేతాలుగా విడగొట్టి రాస్తారు. సిమ్ లెక్కలో లాగే విడివిడిగా లెక్కకొచ్చే ప్రతి తెలుగు గుర్తుకీ మూడు సంకేతాలు. మొదటిది ఎప్పుడూ ఈ-సున్నా, రెండోది బీ-సున్నా కానీ బీ-ఒకటి కానీ, మూడోదాంతో అది ఏ గుర్తో తేలుతుంది. చదివే యాప్ మళ్లీ వాటిని తెలుగు చేసుకుంటుంది. కాబట్టి అలాంటి ఫైలు చూసి ఎవరూ కంగారుపడి చెరిపేయకండి. అదే ఫైలుని జీమెయిల్ అకౌంటులోకి ఇంపోర్ట్ చేస్తే 'గులాబీ గేటు' గులాబీ గేటుగానే వచ్చింది. కింద కొలతలతో సహా.

లాప్‌టాప్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిస్తే మొత్తం 640 కనిపించాయి. హమ్మయ్య అనుకున్నాను. అక్కడే ఒక తప్పు చేశాను. ఒకే పేరుతో ఉన్నవాటిని కలపమంటారా అని చూపిస్తుంటే, అన్నీ కలిపేయమని నొక్కేశాను. వెనక నుంచి చూస్తున్న అమ్మ, "ఆగు ఆగు, టీచరు గారు ఎంతమంది ఉన్నారో తెలుసా నీకు?" అంది.

ఐదుగురున్నారు. అందులో ఇద్దరిని కేవలం 'టీచరు గారు' అనే సేవ్ చేసింది అమ్మ. నంబరు చివర చూసి ఎవరో గుర్తుపడుతుందట. తెరిచి చూస్తే రెండు నంబర్లూ, ఇద్దరి కొలతలూ ఒకే పేరు కింద ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి. ఛాతీ 34 ఎవరిదో, 40 ఎవరిదో చెప్పడానికి లేదు. ఇలాంటివి ఇంకెన్నో.

అదృష్టం బాగుండి దీనికి దారి ఉంది. గూగుల్ కాంటాక్ట్స్‌లో సెట్టింగ్స్ గుర్తు దగ్గర, చేసిన మార్పుల్ని వెనక్కి తీసుకునే వీలుంది. పది నిమిషాల క్రితం ఎలా ఉందో అలా, నిన్న ఎలా ఉందో అలా, 30 రోజుల వెనక వరకూ. ఇంపోర్ట్ చేసి గంట దాటింది కాబట్టి పది నిమిషాల వెనక్కి వెళితే సరిపోయింది. మళ్లీ 640 వచ్చాయి.

తర్వాత మిషను పక్కన స్టూలేసుకుని ఒక్కో జంటనీ అమ్మకి చదివి వినిపించాను. కలపాలా వద్దా తనే చెప్పింది. సిమ్‌లో ఉన్న పొట్టి పేర్ల దగ్గరికొచ్చేసరికి నాన్నని పిలవాల్సొచ్చింది. మూడక్షరాల పేరు ఒకటి ఎవరిదో ఎవరికీ తెలియలేదు. నాన్న కళ్లజోడు పెట్టుకుని చూసి, "అది విజయవాడ లైనింగు షాపు" అన్నారు. ఆ షాపు నంబరు కోసం అమ్మ రెండేళ్లుగా వెతుకుతోందట. మధ్యాహ్నం భోజనాల వేళకి 58 కలిశాయి, 582 మిగిలాయి. మొత్తం మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలు పెట్టడం సరైన పనేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ పట్టిక తెలిసింది అమ్మకి ఒక్కదానికే.

ఇక ఐఫోన్. ఫొటోలూ వాట్సాప్ చాట్లూ ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి తెచ్చే మూవ్ టు ఐఓఎస్ అనే యాప్‌తో తెచ్చాం. కొత్త ఫోన్‌ని మొదటిసారి సెటప్ చేసేటప్పుడే ఇది చేయాలి. అందులో కాంటాక్ట్స్‌కి టిక్ తీసేశాను, లేకపోతే అటు నుంచి ఒకసారి, జీమెయిల్ నుంచి ఒకసారి వచ్చి అన్నీ రెండేసి అవుతాయి. వాట్సాప్ ఓటీపీ పాత ఫోన్లోని సిమ్‌కి వచ్చింది.

నంబర్ల కోసం ఐఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో కాంటాక్ట్స్, అక్కడ అకౌంట్లలో గూగుల్ అని ఎంచుకుని లాగిన్ అయ్యాను. కాంటాక్ట్స్ ఒక్కటే ఆన్ చేశాను. రెండు నిమిషాల్లో పేర్లన్నీ దిగాయి. డిఫాల్ట్ అకౌంట్ అన్న చోట కూడా జీమెయిల్‌నే పెట్టాను. అలా పెట్టకపోతే కొత్త నంబర్లు వేరే చోటికి పోయి, మళ్లీ ఇదే తంతు మొదలవుతుంది.

అమ్మ చేతికిచ్చాను. తను కిందికీ పైకీ జరిపి, "బ్యాంకు టీచరు గారు లేరే" అంది. నిజమే, ఆ పేరు ఉండాల్సిన చోట లేదు. ఐఫోన్ మామూలుగా ఇంటిపేరు వరసలో పేర్చుతుంది. ఇంపోర్ట్ అయినప్పుడు పేరులోని చివరి ముక్క ఇంటిపేరుగా నమోదైంది. దాంతో మా ఊళ్లో గౌరవంగా పిలిచే వాళ్లందరూ 'గారు' దగ్గర గుంపుగా చేరారు. అదే సెట్టింగ్స్‌లో సార్ట్ ఆర్డర్‌ని మొదటి పేరు వరసకి మార్చగానే ఎవరి చోటికి వాళ్లొచ్చారు.

ఈ-సిమ్ మరునాడు మార్చాం, దాంట్లో ఇబ్బందేమీ రాలేదు.

సాయంత్రం అమ్మ నన్ను పరీక్ష పెట్టింది. తను కళ్లు మూసుకుని కొలతలు చెబుతుంది, నేను కొత్త ఫోన్లో చూసి సరిపోయాయో లేదో చెప్పాలి. గులాబీ గేటు సరిపోయింది. హుక్స్ వెనక సరిపోయింది. పెద్ద జరీ దగ్గర నడుము 31 అంది, ఫోన్లో 33 ఉంది. నాకు చెమట పట్టింది. అమ్మ కళ్లు తెరిచి, "33 పాతదిలే. మొన్న వచ్చినప్పుడు చూశాను, చిక్కిపోయింది. రాసుకోవడం మర్చిపోయాను" అని ఫోన్ తీసుకుని, కొత్త కీబోర్డు మీద నెమ్మదిగా వెతుక్కుంటూ 31 అని మార్చింది.

మిషను సొరుగులో వైఫై మీద పాత ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. తీసి పెద్ద జరీ తెరిచాను. అక్కడా 31 పడింది.