షెడ్డులో సగం, కల్లారు దాటాక సగం

మంగళవారం, మెట్టుపాళయం

ఓవర్‌హాల్ అయి వచ్చిన ఊటీ కొండ రైలు బొగ్గు ఇంజనుకి మంట పెట్టి ఇవాళ్టికి రెండో రోజు. నిన్నంతా నాలుగు కట్టెలతో బాయిలరుని గోరువెచ్చగా ఉంచడంతోనే సరిపోయింది. ఒత్తిడి చూపే గేజి ముల్లు కదల్లేదు, కదలకూడదు కూడా. తెల్లవారుజామున 4.30కి మంట కొంచెం పెంచారు. రోజూ నడిచే ఇంజనైతే అయిదారు గంటల్లో స్టీము కట్టేస్తుంది. నెలల తరబడి చల్లగా పడి ఉన్నదాని దగ్గర ఆ తొందర పనికిరాదు.

బాయిలరు ఒకే ఇనప ముద్ద అయితే ఇంత జాగ్రత్త అక్కర్లేదు. లోపల ఫైర్‌బాక్సు, దాని చుట్టూ బయటి పెట్టె, రెండిటినీ కలిపి పట్టుకునే వందల స్టే బోల్టులు. ముందు వైపు పొగ వెళ్ళే ట్యూబులు. మంట తగిలేది లోపలి పెట్టెకీ ట్యూబులకీ. బయటి తొడుగు ఇంకా చల్లగానే ఉంటుంది. మూడున్నర మీటర్ల ఉక్కు ట్యూబు వంద డిగ్రీలు వేడెక్కితే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు సాగుతుంది. బయటి తొడుగు అంత సాగకపోతే ఆ తేడా అంతా ట్యూబు చివర బిగించిన చోటా, స్టే బోల్టు మెడ దగ్గరా పడుతుంది. పైగా నీళ్ళు పైన కాగుతుంటే బాయిలరు అడుగున చెయ్యి పెట్టేంత చల్లగా ఉంటాయి. అందుకే తొడుగు పైభాగాన్నీ కింద మట్టి దిగే మూలల్నీ గంటకోసారి తడిమి చూడటం. థర్మామీటర్లు ఉన్నాయి, అయినా అరచేతిని నమ్మే అలవాటు పోలేదు.

ఏడింటికి ఫైర్‌మ్యాన్ కుర్రాడు బాయిలర్లో నీళ్ళ మట్టం చూపే గాజుగొట్టం చూసి కంగారుపడ్డాడు. కోయంబత్తూరు వైపు నాయుళ్ళబ్బాయి, ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

"సార్, నీళ్ళు గ్లాసులో పావు దగ్గరే ఉన్నాయి. ఇంజెక్టరు పెట్టాలా?"

"స్టీమే లేనప్పుడు ఇంజెక్టరు ఎలా పడుతుంది తమ్ముడూ? ఆగు, అవే పెరుగుతాయి."

బాయిలర్లోకి నీళ్ళు తోసే ఇంజెక్టరు ఆవిరి బలంతోనే పనిచేస్తుంది. నీళ్ళు మాత్రం అవే పెరిగాయి. 25 డిగ్రీల దగ్గర నూరు లీటర్లు పోస్తే, చదరపు సెంటీమీటరుకి 14 కేజీల ఒత్తిడిలో 198 డిగ్రీలకి చేరేసరికి ఆ నీళ్ళకే దాదాపు 115 లీటర్ల చోటు కావాలి. చల్లని బాయిలరుని ముప్పాతిక గ్లాసు నింపి మంట పెడితే, స్టీము కట్టేనాటికి గ్లాసు నిండిపోయి మట్టం ఎక్కడుందో తెలియకుండా పోతుంది. అలాంటి బాయిలరు మీద, సిలిండర్లకి ఆవిరి వదిలే రెగ్యులేటరు తెరిస్తే స్టీముతో పాటు నీళ్ళూ సిలిండర్లోకి దూకుతాయి. ఆవిరి నలుగుతుంది, నీళ్ళు నలగవు. పిస్టను వచ్చి గుద్దితే పగిలేది సిలిండరు మూత.

పదిన్నరకి ముల్లు 3 కేజీల మీద ఉండగా, కింది వరస వాష్‌అవుట్ ప్లగ్గు (బాయిలరు కడిగే రంధ్రానికి పెట్టిన బిరడా) ఒకటి చెమర్చడం మొదలైంది. చుక్క చుక్కగా కారి, కారిన చోట తెల్లటి చార కట్టింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. చల్లగా ఉన్నప్పుడు బిగించినది వేడికి సర్దుకుంటుంది. స్పానరు తెచ్చి పావు చుట్టు తిప్పితే పోయేదే కదా అనిపించేది సరిగ్గా ఇక్కడే. ఒత్తిడి ఉన్న ప్లగ్గు మీద స్పానరు పెట్టకూడదు, అంతే. అది సన్నబడుతూ పోయే మర, పట్టుకుని ఉండేది కొద్ది చుట్లే. అవి అరిగి ఉన్నా, మర అడ్డంగా ఎక్కి ఉన్నా, స్పానరు ఒత్తిడికి జారి ప్లగ్గు ఊడి వచ్చేస్తుంది. దాని వెనకాలే వంద డిగ్రీలు దాటిన నీళ్ళు బయట పడుతూనే ఆవిరైపోతాయి. మంట తగ్గించి, ఒత్తిడి సున్నాకి దించి, ప్లగ్గు బిగించి, మళ్ళీ మొదటి నుంచి. నాలుగు గంటలు పోయాయి. పోనీ.

ట్యూబుల చివర్లు బిగించే ట్యూబు ప్లేటు మీద కూడా అక్కడక్కడా తడి కనిపించింది. దాని సంగతి వేరు. కొత్త ట్యూబుల చివర్లు మొదటి మంటకి కాస్త చెమర్చి, వేడి సమంగా పాకాక వాటంతటవే ఆరిపోతాయి. రేపటికి కూడా ఆరకపోతే ట్యూబు చివర్ని వెడల్పు చేసి బిగించే ఎక్స్‌పాండరు మళ్ళీ పెట్టాలి. స్టే బోల్టు చివరన పెట్టిన సన్న రంధ్రంలోంచి నీరు వస్తే మాత్రం చర్చ లేదు. ఆ రంధ్రం ఉన్నదే అందుకు: లోపల బోల్టు చిట్లిందని చెప్పడానికి. ఇవాళ అన్నీ పొడిగా ఉన్నాయి.

మూడున్నరకి, ఈసారి 5 కేజీలు. గాజుగొట్టాల పరీక్ష. పై కాక్ మూసి కింది నుంచి వదిలితే నీళ్ళు జోరుగా రావాలి, కింది కాక్ మూసి పై నుంచి వదిలితే ఆవిరి రావాలి. డ్రెయిను కట్టేసి రెండూ తెరిస్తే నీరు గభాలున ఎగిరి పాత చోటికి చేరాలి. నెమ్మదిగా పాకుతూ వస్తే ఎక్కడో దారి సగం పూడినట్టు. అలాంటి గ్లాసు అబద్ధం చెబుతుంది. ఓవర్‌హాల్ తర్వాత మరచిపోయిన కాటన్ వేస్టు పీలికో, పెచ్చు కట్టిన తుప్పో చాలు.

ఇంజెక్టర్లు రెండూ పట్టాయి, కుడిది రెండో ప్రయత్నంలో. దాని స్టీము వాల్వు కొంచెం లీకై ఇంజెక్టరు ఒళ్ళంతా కాలిపోతోంది. లోపల కోనుల్లో ఆవిరి చల్లబడి నీరైతేనే ఆ వేగానికి నీళ్ళు బాయిలర్లోకి దూరతాయి. వేడెక్కిన ఇంజెక్టర్లో ఆవిరి ఆవిరిగానే మిగిలి, నీళ్ళన్నీ ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి నేల పాలు. బకెట్టెడు చల్లనీళ్ళు కుమ్మరిస్తే పట్టింది. మందు అదే, కానీ జబ్బు వాల్వులో ఉంది. రేపు బయల్దేరక ముందే ఆ వాల్వు సీటు రుద్దాలి. ఇది పక్క ట్యాంకుల ఇంజను, బాయిలరు పక్కనే ఉండి ట్యాంకు నీళ్ళూ వెచ్చబడతాయి. రెండూ కలిస్తే చన్నీళ్ళ స్నానమూ పని చేయదు.

సాయంత్రం అయిదున్నరకి 14 కేజీలు. సేఫ్టీ వాల్వులు లేచాయి, ముల్లు కొద్దిగా దిగాక మూసుకున్నాయి. అప్పటిదాకా టీ కొట్టు దగ్గరున్న జనం కూడా ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఈల వీడియోలకి ఉన్న గిరాకీ ప్లగ్గు బిగింపుకి ఉండదు.

ఆ తర్వాత సిలిండరు కాక్‌లు తెరిచి యార్డులో ముందుకీ వెనక్కీ అడుగు వేగంతో నడిపారు. బాగానే కదిలింది. చూస్తున్నవాళ్ళు పని అయిపోయిందనుకున్నారు. నిజానికి పరీక్ష అయింది సగం ఇంజనుకే.

ఇది ఎక్స్ క్లాసు రకం, అంటే ఒకే ఫ్రేములో రెండు ఇంజన్లు. స్విట్జర్లాండులోని వింటర్‌థూర్‌లో 1914 నుంచి విడతలుగా చేశారు, చివరి అయిదూ 1952లో వచ్చాయి. 2021లో తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఇదే నమూనాలో కొత్త బొగ్గు ఇంజనే కట్టింది. ఒక్కో వైపు ఒకదాని మీద ఒకటిగా రెండు సిలిండర్లు. కిందివి మామూలు చక్రాల్ని తిప్పుతాయి. పైవి పట్టాల మధ్య ఉన్న పళ్ళ పట్టీని పట్టుకునే పళ్ళ చక్రాల్ని తిప్పుతాయి. చదును మీద కింది సిలిండర్లు వాడిన ఆవిరి నేరుగా పొగగొట్టంలోకి పోతుంది. పళ్ళ దారి మీద అదే ఆవిరిని పారెయ్యకుండా పై సిలిండర్లకి పంపిస్తారు. ఒకసారి వాడిన ఆవిరి బలం తగ్గి, వ్యాకోచించి ఉంటుంది కాబట్టి దానికి ఎక్కువ చోటు కావాలి. మామూలుగా అయితే పెద్ద సిలిండరు పెడతారు. ఇక్కడ పెద్దది పట్టే చోటు లేదు. అందుకని దాదాపు అంతే సైజు సిలిండర్లని గేర్లు పెట్టి సుమారు రెట్టింపు వేగంతో తిప్పుతారు. మధ్యలో గేరు ఉండటం వల్ల పైన తిరిగేది కిందదానికి ఎదురు దిశలో తిరుగుతుంది. పళ్ళ దారి మొదలయ్యే కల్లారు స్టేషను దాటాక పక్క నుంచి చూస్తే పై రాడ్లు వెనక్కి పరిగెడుతున్నట్టు ఉంటుంది, కొత్తవాళ్ళు ఏదో తేడా కొట్టిందనుకుంటారు.

యార్డులో పై ఇంజనుకి ఆవిరి ఇవ్వచ్చు. పళ్ళ చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతాయి. పిస్టను రాడ్డు దగ్గర ఆవిరిని ఆపే గ్లాండు లీకవుతుందా, గేరు గరగరలాడుతుందా అన్నంతవరకు తెలుస్తుంది. బరువు మీద ఎలా ఉంటుందో తెలియదు. పన్నెండు మీటర్లకి ఒక మీటరు ఎక్కే దారి ఇక్కడెక్కడా లేదు. మెట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్లు, కూనూరు 1,711. కల్లారు దాకా ఏడెనిమిది కిలోమీటర్లు దాదాపు చదునే. ఎక్కుడంతా ఆ తర్వాతే.

పళ్ళు ఎంత లోతుగా కూర్చుంటాయన్నది ఇంకో లెక్క. చక్రాల టైర్లు అరిగేకొద్దీ ఇంజను మొత్తం కిందికి దిగుతుంది, పళ్ళ చక్రమూ దానితో పాటు దిగి పళ్ళ పట్టీలోకి మరీ లోతుగా కూరుకుంటుంది. టైర్లు కొత్తవైతే పైకి లేచి, పంటి కొసలే తగులుతాయి. మొదటిదానికి అడుగున రాపిడి, రెండోదానికి పన్ను విరిగే ప్రమాదం. టైరు మార్చినా, లేతు మీద చెక్కినా ఆ ఎత్తు మళ్ళీ కొలవాలి. కొలతలు కాగితం మీద సరిగ్గానే ఉన్నాయి. కల్లారులో పళ్ళ మీద గ్రీజు అచ్చు ఎక్కడ పడిందో చూస్తే కాగితం నిజమో కాదో తేలుతుంది.

పళ్ళ పట్టీ మొదలయ్యే చోట కొంత ముక్క స్ప్రింగుల మీద ఉంటుంది. పన్ను మీద పన్ను పడితే ఆ ముక్క కిందికి నొక్కుకుని, మరుక్షణం సర్దుకుంటుంది. అయినా డ్రైవరు నడక వేగానికి తగ్గి, పై ఇంజనుకి కొంచెం ఆవిరి ఇచ్చి పళ్ళ చక్రాన్ని ముందే తిరగనివ్వాలి. ఆగి ఉన్న చక్రంతో వెళ్ళి గుద్దుకుంటే ఆ దెబ్బ టకటకమని మొదటి పెట్టెలో కూర్చున్నవాళ్ళ దాకా వినిపిస్తుంది. ఇంజను కింది కొసన ఉండి పెట్టెల్ని పైకి నెడుతుంది మరి.

నీళ్ళ మట్టం గురించి కుర్రాడికి రాత్రి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పొగగొట్టం కొండ వైపు, ఫైర్‌బాక్సు లోయ వైపు. వాలు మీద నీళ్ళన్నీ ఫైర్‌బాక్సు వైపుకి చేరతాయి. గ్లాసూ అక్కడే ఉంది కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. బాయిలరు నడుము నుంచి గ్లాసుకి రెండు మీటర్లనుకుంటే, పన్నెండుకొకటి వాలులో తేడా 16 సెంటీమీటర్ల పైన, జానెడుకి కాస్త తక్కువ. వాలు మీద సగం గ్లాసు చూసి నిశ్చింతగా ఉంటే, దారి చదునయ్యే చోట ఆ నీళ్ళు ముందుకి పారి గ్లాసు ఖాళీ అవుతుంది. ఫైర్‌బాక్సు నెత్తి బయటపడితే అందులో ఉన్న సీసపు ప్లగ్గు కరిగి ఆవిరి మంట మీదికి దూకుతుంది. అది ఆఖరి హెచ్చరిక. అంతదాకా తెచ్చుకున్న సిబ్బందిని ఏ షెడ్డులోనూ మెచ్చుకోరు. బిట్రగుంట లాంటి మైదానం షెడ్డుల్లో బ్రాడ్‌గేజి మీద పండిపోయిన ఫైర్‌మ్యాన్ అయినా ఇక్కడికొస్తే ఈ లెక్క కొత్తగా నేర్చుకోవాల్సిందే. దారిలో హిల్‌గ్రోవ్‌లో నీళ్ళు పడతారు, కాని అవి ట్యాంకులోకే. బాయిలర్లోకి ఎంత ఎప్పుడు పోవాలన్నది కుర్రాడి చేతిలో ఉంది.

ఇంకొక అనుమానం నురగ. కొత్త ట్యూబులకీ ప్లేట్లకీ అంటిన నూనె, గ్రీజు ఎంత కడిగినా కొంత మిగులుతుంది. అది నీటి మీద తేలి, మరిగేటప్పుడు పాలు పొంగినట్టు పొంగిస్తుంది. గ్లాసులో నీరు ఊగిసలాడుతూ మసకగా ఉంటే అదే గుర్తు. సోడా వేసి మరిగించి ఒకసారి వదిలాం, ఇవాళ గ్లాసు తేటగానే ఉంది. అయినా మొదటి రెండు మూడు ట్రిప్పుల తర్వాత బాయిలరు దించి కడగక తప్పదు.

దిగేటప్పటి బ్రేకు రేపటి సంగతి కాదు, ఎల్లుండిది. ఆవిరి ఆపేసి, గేరు వెనక్కి వేసి, సిలిండర్లనే గాలి పంపుల్లా వాడతారు. నలిగిన గాలి బయటికి పోకుండా బిగపట్టి, పోయే దారిని కొంచెం కొంచెంగా తెరవడంతో వేగం అదుపులో ఉంటుంది. గాలి నలిగితే సిలిండరు కాలిపోతుంది, అందుకని నీళ్ళు చిమ్ముతూ ఉండాలి. ఆ నీళ్ళ గొట్టం ఇవాళ విప్పి ఊదాం, సన్నటి మట్టి వచ్చింది.

తొమ్మిదింటికి మంటని ఒక పక్కకి నెట్టి, పైన తడి బొగ్గు కప్పి, మంటకి గాలి వెళ్ళే డ్యాంపరు మూసి, పొగగొట్టం మీద మూత పెట్టారు. ముల్లు 9 దగ్గర ఉంది, తెల్లారేసరికి 4కి దిగుతుంది. రేపు 7.10 ప్యాసింజరు వెళ్ళిపోయాక ఒంటి ఇంజనుతో కల్లారు దాకా. అక్కడ ఇరుసు పెట్టెలన్నిటి మీదా వెనుచెయ్యి ఆనించి చూడాలి. మూడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే నూనె ఒత్తు తీసి చూడాల్సిందే. కుడి ఇంజెక్టరు వాల్వు పని మాత్రం ఉదయం ఆరింటికే అయిపోవాలి. స్పానర్లు డ్రైవరు నిలబడే ఫుట్‌ప్లేటు మీదే పెట్టి వచ్చాను.