కాళహస్తిలో ఒక శుక్రవారం: రాహుకాలం దాటేదాకా కలం పట్టి

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి ఆర్టీసీ బస్సులో గంట ప్రయాణం. దూరం పెద్ద లెక్క కాదు, ఏ రోజు పోవాలన్నదే లెక్క. ఇక్కడ గుడి రద్దీని రాహుకాలం నడిపిస్తుంది. రాహుకేతు పూజ రోజంతా జరుగుతున్నా చాలామంది ఆ గంటన్నర కోసమే కాచుకుంటారు. ఆదివారం సాయంత్రం 4:30 నుంచి 6, మంగళవారం 3 నుంచి 4:30. దర్శనం ఒక్కటే చాలనుకునేవాళ్లు ఈ రెండు సాయంత్రాలూ వదిలేయడం మేలు. శుక్రవారం రాహుకాలం 10:30 నుంచి 12. ఆ వేళకు, గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే కలంకారీ వాళ్లింట్లో కూర్చునేలా రోజంతా అమర్చుకున్నాను.

పొద్దున్నే గుడిమల్లం శివాలయం ముగించాను. కాళహస్తి దర్శనమయ్యాక ఇంకో గుడి తొక్కకుండా నేరుగా ఇంటికి పోవాలన్నది మా తట్టు ఆచారం, కాబట్టి తిరుగుదారిలో చూద్దామంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. గుడిమల్లం ఏర్పేడు మండలంలో, కాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి ఏటి దగ్గరే ఉంటుంది. సుమారు 5 అడుగుల లింగం, దాని మీదే యక్షుడి భుజాలపై నిలబడ్డ శివుడు. గర్భగుడి పల్లంలో ఉంది, వెలుగు తక్కువ, కళ్లు సర్దుకునేదాకా ఆగాలి. రేణిగుంటలోనే ఆటో మాట్లాడుకుని, రానూపోనూ వెయిటింగుతో సహా ధర తేల్చుకోవాలి. లేదంటే అక్కడ బేరమాడే బలం మనకుండదు.

కలంకారీ ఇంటికి ముందురోజే ఫోన్ చేసి, "అన్నా, కరక్కాయ పట్టించిన గుడ్డ ఒక ముక్క ఉంచండి" అని చెప్పుకున్నాను. చెప్పకుండా పోతే చూసి రావడమే తప్ప చెయ్యి పెట్టడం కుదరదు. గాడా అనే ముతక నూలు గుడ్డను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పచ్చి ఎనుము పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయ వగరు రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని వెన్న గీతను పాకనివ్వదు. పాలు పలచనైతే గీతకు మీసాలు మొలుస్తాయి.

కలమంటే కొన చెక్కిన వెదురు పుల్ల. కొనకు కాస్త పైన కంబళి ముక్క చుట్టి దారంతో బిగిస్తారు. ఆ కంబళి ఉండ కలానికి సిరాబుడ్డి లాంటిది. ముందు కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసుకోవాలి, ఆ తర్వాతే కసిమి. కసిమి అంటే తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టిన నల్లరంగు. ముంచిన కలాన్ని పాత గుడ్డకు ఒత్తి, కారేదంతా పోయాకే బొమ్మ మీద పెట్టాలి. తొందరపడి ఉండను నొక్కితే బొట్టు పడుతుంది, అది చెరగదు. పువ్వుగానో ఆకుగానో మలచుకోవాల్సిందే. నేను గీసిన నెమలి పక్కన మూడు ఆకులు అలా వచ్చినవే.

ఇంకో పొరపాటు ఉంది. కసిమి గీత పడగానే వెలిసినట్టు కనిపిస్తుంది. రంగు చాలలేదని మళ్లీ దిద్దకూడదు. వగరు, ఇనుము కలిసి కాసేపటికి అదే నల్లబడుతుంది. దిద్దేకొద్దీ ఇనుము ఎక్కువై, ఏళ్లు గడిచేసరికి ఆ చోట గుడ్డ చివికిపోతుంది.

ఎరుపు ఒక్కరోజు పని కాదు. ఎర్రగా రావాల్సినచోట పటిక నీళ్లు పూసి, బాగా ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, ఆనక చిరివేరు లాంటి ఎర్రరంగు సరుకుతో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన పటిక పక్కలకంటి, ఉడకబెట్టినప్పుడు గుడ్డంతా గులాబీ మరకలవుతాయి. ఈ పని ఏటి ఒడ్డున పుట్టడానికి కారణం భక్తి ఒక్కటే కాదు, ఈ జాడింపు కూడా. వానలు ఐప్పశి, కార్తీకాల్లో (అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్యదాకా) పడితే తప్ప స్వర్ణముఖిలో ఇసుకే ఎక్కువ, మిగతా రోజుల్లో బోరు నీళ్లే గతి. నేను నలుపు మటుకు గీసి, మిగతాది వాళ్లకే అప్పగించి వచ్చాను.

మధ్యాహ్నం రెండున్నరకు గుడిలోకి. సెల్‌ఫోన్ బయట కౌంటర్లో ఇవ్వాలి. పాతాళ గణపతి దగ్గర మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనుంచే దండం పెట్టుకోవచ్చు. వాయులింగం దగ్గర రెపరెపలాడే దీపం చూడాలంటే ముందే కన్ను అక్కడ పెట్టుకోవాలి, వరుస కదిలిపోతూ ఉంటుంది. బయట నిలబడ్డ పెద్ద గోపురం కొత్తది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది 2010 మే 26న కూలిపోయింది.

ఎండ వాలాక పక్కనే కన్నప్ప కొండ ఎక్కాను. నాలుగింటికి ముందైతే రాతి మెట్లు అరికాళ్లను కాలుస్తాయి. పైనుంచి గోపురాలూ ఏరూ ఒక్క చూపులో పడతాయి.

వారం తర్వాత వచ్చిన గుడ్డతో పాటు కలంకారీ వాళ్లు చెప్పిన జాగ్రత్త ఇదీ: మొదటిసారి కుంకుడురసంతో, చన్నీళ్లలో, విడిగా ఉతికి నీడలో ఆరేయాలి.