రెండు టన్నుల లెక్క: మహబూబ్‌నగర్ నుంచి వీర్లపాలెం దాకా

మిర్యాలగూడలో ఒక డిగ్రీ కళాశాల విద్యార్థులు వాతావరణ సదస్సు నమూనాలో చర్చ పెట్టుకున్నారు. సభాధ్యక్షుడిగా కూర్చోమని అక్కడ పాఠాలు చెప్పే మిత్రుడు ఫోను చేశాడు. హైదరాబాద్ మీదుగా రైలులో వెళ్లవచ్చు గానీ, నేను జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా సాగే 167వ నంబరు జాతీయ రహదారినే ఎంచుకున్నాను. నీళ్లున్న నేలకూ నీళ్లు లేని నేలకూ ఎంత తేడా ఉంటుందో చూడాలంటే దక్షిణ తెలంగాణలో ఈ దారికి మించింది లేదు.

జడ్చర్ల దాటాక ఎర్రనేలలు మొదలయ్యాయి. పత్తి ఏరడం ముగిసి చేలల్లో కట్టె మాత్రమే మిగిలింది. ఎక్కడో ఒకచోట బోరు కింద పల్లి చేను పచ్చగా కనిపిస్తుంది. పక్క సీటులో కూర్చున్న పెద్దాయనది కల్వకుర్తి దగ్గరి పల్లె. వయసులో ఉన్నప్పుడు మేస్త్రీ వెంట మహారాష్ట్ర, కర్ణాటక తిరిగి కాలువ పనులు చేశాడట. దేశంలో చాలా ఆనకట్టల మట్టి పాలమూరు కూలీల నెత్తిమీదుగానే కదిలింది. నేను ఏ పని మీద పోతున్నానో అడిగితే చెప్పాను. ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఎవరు ఎంత పొగ తగ్గించాలో వాదించుకుంటాయని, పిల్లలు ఆ వాదన చేసి చూపిస్తారని.

"మా దగ్గర ఏం పొగ ఉంది సార్? ఒక బోరు మోటారు, ఇంట్లో మూడు బల్బులు, ఒక ఫ్యాను" అన్నాడాయన.

మాట నిజమే. 2018 జనవరి నుంచి తెలంగాణలో సాగుకు ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు. ఆ కరెంటులో పెద్ద భాగం బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి ఆయన మోటారుకూ కొంత పొగ లెక్క ఉంది. కానీ ఆ నీళ్లు లేకపోతే ఆయన మళ్లీ మేస్త్రీ వెంట బస్సెక్కాలి. ఆ పొగనూ, విలాసం కోసం వదిలే పొగనూ ఒకే ఖాతాలో రాయడం అన్యాయమని నేను చాలా కాలంగా నమ్ముతున్నాను. ఆయనతో మాట్లాడాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

మల్లేపల్లి దాటి హాలియా చేరేసరికి మరో దేశంలోకి వచ్చినట్టు ఉంటుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు అక్కడి నుంచి కంటికి ఆనుతుంది. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటి నుంచి ఈ నేలది వరి బతుకు. యాసంగి నాట్లు పడి నెల దాటినట్టుంది, ఎటు చూసినా పచ్చదనమే.

మిత్రుడు హాలియాలో ఎదురొచ్చి నిడమనూరు వైపున్న వాళ్ల పొలానికి తీసుకెళ్లాడు. వాళ్ల అన్న మడి గట్టున నిలబడి ఉన్నాడు. నేను మీథేన్ సంగతి ఎత్తగానే ఆయన మారు మాట్లాడకుండా చేతికర్రను బురదలో గుచ్చి తిప్పాడు. నీటి మీదికి బుడగలు గుత్తులుగా వచ్చి పగిలాయి. "ఇదేనా మీరు చెప్పే గాలి?" అని అడిగాడు. ఇదే. మడిలో నీళ్లు నిలిచి గాలి అందనప్పుడు బురదలోని సూక్ష్మజీవులు కుళ్లిన మొదళ్లను తిని వదిలే వాయువు. వందేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువుకంటే పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. కాకపోతే పన్నెండేళ్ల చుట్టూ మాత్రమే గాలిలో నిలుస్తుంది.

2021లో గ్లాస్గో సదస్సులో 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గిస్తామని వంద దేశాలకు పైగా ప్రతిజ్ఞ చేశాయి. తర్వాత ఇంకా చాలా దేశాలు చేరాయి. భారత్ చేరలేదు. మన దేశంలో ఆ వాయువు ప్రధానంగా వరి మడుల నుంచి, పశువుల నుంచి వస్తుందని, అది చిన్న రైతుల జీవనాధారమని ప్రభుత్వ వాదన. గ్యాస్ గొట్టాల్లో మీథేన్ లీకులు ఆపుకోలేని సంపన్న దేశాలు మన మడి గట్టు దాకా రావడం నాకూ నచ్చదు. అయితే మడిని మధ్యమధ్య ఆరబెట్టి మళ్లీ తడిపితే మీథేన్ బాగా తగ్గుతుందని, నీళ్లూ ఆదా అవుతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఇదే మాట అన్నగారితో అన్నాను.

"ఆరబెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. మళ్లీ తడి కావాలన్న రోజున కాలువలో నీళ్లుంటాయని ఎవరు పూచీ? వంతులవారీగా నీళ్లు వదిలే వారబందీ పెట్టాక ఒక వంతు తప్పితే పొట్టమీదున్న పైరు పోతుంది. అందుకే వచ్చినప్పుడే నిండా పెట్టుకుంటాం."

కాలువ మొదట్లో ఉన్నవారికి ఈ భయం తక్కువ, చివరి ఆయకట్టు వారికి ఎక్కువ. పైనున్నవారు తమ వంతు పాటిస్తేనే కిందివాడు ధైర్యంగా మడి ఆరబెడతాడు. అంతర్జాతీయ ఒప్పందాల గురించి నేను చదివినదంతా ఆ గట్టు మీద నాకు ఒక్క కొలిక్కి వచ్చింది.

మర్నాటి చర్చలో దేశాల పేర్లు అట్టముక్కల మీద రాసి బల్లల ముందు నిలబెట్టారు. ఎవరికి ఏ దేశమో చీటీలు తీసి తేల్చుకున్నారు. అమెరికా చీటీ వచ్చిన అబ్బాయి బాగా తయారై వచ్చాడు. అభివృద్ధి చెందుతున్న దేశాలకు బాధ్యత లేని ఒప్పందం మాకు వద్దని 1997 జులైలోనే తమ సెనేట్ 95-0 ఓట్లతో తీర్మానించిందని, ఈరోజు ఏటా అందరికంటే ఎక్కువ పొగ వదిలేది చైనాయేనని గట్టిగా నిలదీశాడు. ఆ వాదనలో బలం లేదని నేను అనను.

యూరప్ తరఫున మాట్లాడిన అమ్మాయి క్యోటో కథ చెప్పింది. 1997లో కుదిరి 2005లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం సంపన్న దేశాలకు చట్టబద్ధమైన లక్ష్యాలు పెట్టింది. 1990 నాటి స్థాయి కంటే సగటున 5 శాతం చుట్టూ తగ్గించాలి. అమెరికా ఆమోదించనే లేదు, కెనడా 2011లో బయటికి నడిచింది. అందుకే 2015లో పారిస్‌లో దారి మార్చారు. ఎవరి లక్ష్యం వారే ప్రకటించుకోవాలి, అయిదేళ్లకోసారి పెంచుకుంటూ పోవాలి, లెక్క అందరి ముందు పెట్టాలి. తప్పినవాడికి జరిమానా లేదు. అమెరికా 2020 నవంబరులో వైదొలగి, 2021 ఫిబ్రవరిలో తిరిగి చేరి, 2025 జనవరిలో మళ్లీ వైదొలిగే ఉత్తర్వు ఇచ్చింది. సభలో ఎవరో "మరి దీన్ని ఒప్పందం అనడం దేనికి?" అని అరిచారు. ఆ అసహనం నాకు అర్థమైంది. అయినా కట్టుబాటు ఉన్న క్యోటోలో పెద్ద దేశాలు నిలవలేదు, కట్టుబాటు తక్కువైన పారిస్ గొడుగు కిందికి దాదాపు అన్ని దేశాలూ వచ్చాయి. చెడిపోయినా సరే అందరూ కూర్చునే బల్ల ఒకటి ఉండటం నాకు ముఖ్యం.

నిజంగా నడిచిన ఒప్పందం ఏదని నేనే అడిగాను. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి "మాంట్రియల్" అంది. సంతోషమేసింది. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన ఒప్పందం అది. ఆ పొరను దెబ్బతీసే రసాయనాలు తయారుచేసే కంపెనీలు కొద్దే, ప్రత్యామ్నాయాలూ దొరికాయి. అంతకంటే ముఖ్యం, పేద దేశాలు మారడానికి అయ్యే ఖర్చు కోసం 1990లోనే ఒక నిధి ఏర్పాటుచేశారు. భారత్ 1992లో చేరింది. ఇచ్చిన మాట ప్రకారం డబ్బు వచ్చింది, మార్పూ జరిగింది.

వాతావరణం దగ్గర ఆ వంతు తప్పింది. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు పొంగి అలంపురం, రాజోలి నీట మునిగాయి. పాలమూరు వాళ్లం ఆ రోజులు మరిచిపోలేం. ఆ వరద భూతాపం వల్లే వచ్చిందని నేను చెప్పబోవడం లేదు. కానీ మా ఊళ్లలో బురద ఎత్తిపోసుకుంటున్న ఆ శీతాకాలంలోనే కోపెన్‌హాగెన్‌లో సంపన్న దేశాలు 2020 నాటికి ఏటా పదివేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. వాళ్లు చెప్పుకున్న లెక్క ప్రకారమే ఆ మొత్తం 2022లో గానీ చేరలేదు. అందులోనూ చాలా భాగం అప్పులే. 2024లో బాకూ సదస్సులో పేద దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు కావాలంటే, 2035 నాటికి ముప్పైవేల కోట్లతో సరిపెట్టి, తీర్మానం అయిపోయిందని అధ్యక్ష బల్ల మీద సుత్తి కొట్టేశారు. మన దేశం లేచి అభ్యంతరం చెప్పింది.

భారత్ చీటీ వచ్చిన దామరచర్ల అబ్బాయి ఈ సంగతులన్నీ ఆవేశంగా చెప్పి, చివరికి తలసరి లెక్క తీశాడు. అమెరికన్ ఒకరు ఏటా 14 టన్నుల చుట్టూ బొగ్గుపులుసు వాయువు వదిలితే భారతీయుడు రెండు టన్నులు. పారిశ్రామిక యుగం మొదలు ఇప్పటిదాకా గాలిలో కలిసినదానిలో అమెరికా వాటా నాలుగో వంతు, మనది 3 శాతం చుట్టూ. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

అప్పుడు పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల దేశం టువాలు అట్టముక్క వెనక ఉన్న అమ్మాయి లేచింది. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. "భారత ప్రతినిధి గారూ, మీ రెండు టన్నులు సగటు. ఆ సగటులో ఇల్లంతా ఏసీలున్న మనిషి ఎంత, వలస వెళ్లి ఇటుక బట్టీ దగ్గర రేకుల కింద పడుకునే మనిషి ఎంత? మా అమ్మానాన్నల పేదరికం చూపించి మీరు బయట న్యాయం అడుగుతున్నారు. తెచ్చిన న్యాయంలో వాళ్ల వాటా ఎంతో చెప్పండి."

టువాలు ప్రతినిధి అడగాల్సిన ప్రశ్న కాదది, నియమం ప్రకారం నేను ఆపాలి. ఆపలేదు. అబ్బాయి కాసేపు ఆగి, "దేశం లోపలి లెక్క అంతర్జాతీయ సదస్సులో తేలదు" అన్నాడు. "తేలకపోతే పైవాళ్లు అదే మాట మనతో అంటారు" అంది అమ్మాయి. నా మట్టుకు ఇద్దరిదీ న్యాయమే. లోపల అసమానత ఉందన్న సాకుతో సంపన్న దేశాలు తమ బాకీ ఎగ్గొట్టడానికి వీల్లేదు. బాకీ వసూలయ్యేదాకా ఆగుతామని మనం తండా మనిషిని ఎండకు వదిలేయడానికీ వీల్లేదు.

మరుసటి ఉదయం ఆ ఇద్దరూ మరికొందరూ కలిసి నన్ను వీర్లపాలెం వైపు తీసుకెళ్లారు. దామరచర్ల నుంచి లోపలికి తిరిగాక కూలింగ్ టవర్లు చాలా దూరం నుంచే కనబడతాయి. యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, 800 మెగావాట్ల యూనిట్లు అయిదు, మొత్తం 4000 మెగావాట్లు. సింగరేణి బొగ్గు రైలులో ఇంత దూరం రావాలి. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. అదే ఏడు డిసెంబరులో పారిస్ ఒప్పందం కుదిరింది. 2024 డిసెంబరులో తొలి యూనిట్ జాతికి అంకితమైంది. పాతికేళ్లు నడిస్తే 2050 అంచుకు చేరుతుంది. ఉద్గారాలు నికర సున్నాకు, అంటే వదిలినంత పొగా తిరిగి పీల్చుకునే స్థితికి, చేరుస్తామని మన దేశం చెప్పిన గడువు 2070.

మన స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కాని వనరులదే కావాలన్న 2030 లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నాం. అది గర్వించాల్సిన విషయం. అయినా వాస్తవంగా ఉత్పత్తి అయ్యే కరెంటులో మూడింట రెండు వంతులకు పైగా ఇప్పటికీ బొగ్గుదే. ఆ అబ్బాయి అన్న అక్కడే పనిచేస్తున్నాడు, ఆ జీతంతోనే తమ్ముడి ఫీజు. బొగ్గు మానేయాలని చెప్పే ఎవరైనా ఆ ఇంటికి ఏమిటి దారి అన్న ప్రశ్నకు జవాబు పట్టుకుని రావాలి. సింగరేణి గనుల్లో, ఇలాంటి కేంద్రాల్లో పనిచేసేవారికి రేపటి పని ఏదో ఇప్పటి నుంచే రాసి పెట్టాలి, డబ్బు కేటాయించాలి. సదస్సుల్లో మనం అడుగుతున్న నిధుల్లో మొదటి పద్దు ఇదే కావాలని నా అభిప్రాయం.

తిరుగుదారిలో టీ కొట్టు దగ్గర అబ్బాయీ అమ్మాయీ మళ్లీ వాదనలో పడ్డారు. బయటి డబ్బు వచ్చాకే ఇక్కడి గడువు ప్రకటించాలని అతను, ముందు గడువు ప్రకటించి ఆ కాగితం పట్టుకుని డబ్బు అడగాలని ఆమె. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను అమ్మాయి వైపే మొగ్గాను. ఏ యూనిట్ ఎప్పుడు ఆపుతామో, అక్కడి మనుషులకు ఏం చేస్తామో రాసి ఉంటే, బాకూలో ముప్పైవేల కోట్లతో మన నోరు మూయించడం అంత తేలిక కాదన్నాను. అబ్బాయి ఒప్పుకోలేదు. వచ్చే చర్చ మహబూబ్‌నగర్‌లో పెడితే మళ్లీ భారత్ తరఫునే మాట్లాడతానన్నాడు. పెడతామని మాటిచ్చాను.