ఒక్కో విలువకి ఒక్కో దేవుడు

రోమన్ నాణేలంటే అందరూ చక్రవర్తుల బొమ్మలున్న వెండి, బంగారు నాణేల గురించే మాట్లాడతారు, నా మనసు మాత్రం వాటికంటే బాగా ముందటి కంచు నాణేల మీదే ఉంటుంది. క్రీ.పూ. 225 ప్రాంతం నుంచి వచ్చినవి, మొదట్లో మూసలో పోత పోసినవి, ఆకుపచ్చగా చిలుము పట్టి ఎంత అందంగా ఉంటాయో.

వీటిల్లో ముఖ్యమైంది అస్ అనే నాణెం. దాని మీద జానస్ దేవుడు, అటొకటి ఇటొకటి రెండు మొహాలు, రెండిటికీ గడ్డాలు. అందులో సగం విలువకి శాటర్న్, మూడో వంతుకి హెల్మెట్ పెట్టుకున్న మినర్వా, నాలుగో వంతుకి సింహం తోలు తలమీద కప్పుకున్న హెర్క్యులీస్, ఆరో వంతుకి రెక్కల టోపీ మెర్క్యురీ, పన్నెండో వంతుకి రోమా దేవత. అన్నిటికీ వెనక వైపు మాత్రం ఓడ ముందు భాగమే. చిన్నవాటి మీద విలువని బట్టి చుక్కలు కూడా ఉంటాయి, ఒకటి నుంచి నాలుగు దాకా, అంటే అక్షరం ముక్క రాని మనిషి కూడా దేవుణ్ణి చూసో చుక్కలు లెక్కపెట్టో ఎంతో చెప్పేయగలడు. నాకు తెగ నచ్చేసింది ఇదే.

మొదట్లో అస్ బరువు పావు కిలో పైనే ఉండేది. తర్వాత కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం (క్రీ.పూ. 218–201) వచ్చి ఖర్చులు పెరిగిపోయి బరువు తగ్గిస్తూ పోయారు, చివరికి 30 గ్రాములు కూడా లేకుండా పోయింది. అయినా జానస్‌ని మాత్రం తీసెయ్యలేదు.

ఆ ఓడ ఎందుకంటే, శాటర్న్ ఓడెక్కి ఇటలీకి వస్తే జానస్ ఆదరించాడని, దానికి గుర్తుగా వేయించాడని రోమన్ల కథ. ఇది చెప్పిన రోమన్ రచయిత మాక్రోబియస్ ఇంకో మాట కూడా రాశాడు, పిల్లలు నాణెం ఎగరేసి మన బొమ్మా బొరుసా లాగా "తలలా ఓడలా" అని అరుస్తారని. ఆయన కాలం క్రీ.శ. 400 తర్వాత, ఓడ ఉన్న ఆ పాత అస్‌లు చలామణిలోంచి పోయి ఎన్నో తరాలైంది, పిల్లల నోట్లో మాత్రం ఓడ అలాగే ఉండిపోయింది!

ఇంకోటి చెప్పాలి. తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో చిల్లర చాలక పాత అస్‌లని ఉలి పెట్టి రెండు ముక్కలు చేసి వాడుకున్నారు. అలాంటి సగాలు ఇప్పటికీ తవ్వకాల్లో దొరుకుతుంటాయి, చాలావాటిని సరిగ్గా రెండు మొహాల మధ్య నరికారు, ముక్కకో జానస్ మొహం వచ్చేలా.