నొప్పి లేదు కదా అని

"ఏంనా, మెడకాడ బిళ్ళ కట్టిందే" అన్నాడు కడప ఏడురోడ్ల దగ్గర నాకెప్పుడూ గడ్డం గీసే తమ్ముడు, కత్తి పక్కన పెట్టి. తడిమి చూసుకుంటే కుడిపక్క, దవడకు కాస్త వెనకగా, రేగుపండంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని నెలన్నర తిరిగాను.

ఊరకే తిరగలేదులెండి. అమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టేసింది. వీధి చివర ఆర్‌ఎంపీ ఐదు రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చి, తగ్గకపోతే ఇంకో ఐదు రోజులకు మార్చి ఇచ్చాడు, అదీ పని చేయకపోతే "కోసి చీము తీసేద్దాం" అన్నాడు. అప్పుడు మా బావ తిట్టి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు.

పన్ను పాడైతేనో గొంతు వాస్తేనో కట్టిన బిళ్ళ ముట్టుకుంటే నొప్పి పెడుతుంది, మామూలుగా రెండు మూడు వారాల్లో దానంతటదే కరిగిపోతుంది. నొప్పి లేకుండా, కరగకుండా కూర్చున్నదాన్నే అనుమానించాలంట. నేను సరిగ్గా తలకిందులుగా అనుకున్నా.

గడ్డ సంగతి తర్వాత అని, డాక్టరమ్మ ముందు నోరు తెరవమంది. పళ్ళు, నాలుక కింద, టాన్సిల్స్, చెవులు, ఆఖరికి తలలో పుండ్లు ఉన్నాయేమో అని జుట్టు పాయలు తీసి మరీ చూసింది. ఒక గుక్క నీళ్ళు మింగమంది, మింగినప్పుడు పైకి లేస్తే అది థైరాయిడ్ గడ్డ అయ్యుండొచ్చట. నాది లేవలేదు. సాయంత్రాలు జ్వరం వస్తుందా, బరువు తగ్గావా, గొంతు బొంగురుపోయిందా, గుట్కా నములుతావా? నలభై దాటి, పొగాకు అలవాటుండి, రాయిలా కదలని గడ్డ వస్తే ముందు క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే అంది. నాకు 36, గుట్కా మానేసి రెండేళ్ళు. రాత్రిపూట చెమటలు పడతాయా అని అడిగింది గానీ నాకు పట్టపగలే, ఆ కుర్చీలోనే పట్టేశాయి.

స్కానింగ్ చేసి, సూదితో గడ్డలోంచి కాస్త తీసి చూసే పరీక్ష రాసింది, ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని మా పిన్ని ఫోన్లో ఒకటే ఏడుపు. అదంతా ఉత్తమాట. రక్తం తీసే సూది కంటే సన్నది, రెండు నిమిషాల పని.

తేలింది టీబీ, మెడ బిళ్ళలకొచ్చే రకం. పాతకాలం వాళ్ళు గండమాల అనేవాళ్ళే, అదే. దగ్గు లేకుండా టీబీ ఏంది అనుకున్నా. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ అంటదని చెప్పాక పిల్లల్ని మళ్ళీ దగ్గరికి తీసుకున్నా. ఆర్‌ఎంపీ మాట విని కోయించుకుని ఉంటే మానని పుండై నెలల తరబడి కారేదంట.

ఆరు నెలల మాత్రలు, సర్కారు వాళ్ళే ఉచితంగా ఇచ్చారు. రెండో నెలలో గడ్డ తగ్గకపోగా ఇంకాస్త ఉబ్బింది, మళ్ళీ టెన్షన్. మందులు పనిచేస్తున్నా కొందరికి అలా అవుతుంది, మాత్రలు మాత్రం ఆపొద్దు అన్నారు, ఆపలేదు.

కోర్సు అయిపోయింది. శనగగింజంత ఇంకా మిగిలే ఉంది, కొందరికి అలా ఉండిపోతుందట. ఆ తమ్ముడు మాత్రం గడ్డం గీసిన ప్రతిసారీ బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, "పెరగలేదులేనా" అంటాడు.