చెంచుల అల్లుడి కొండల్లో

ఎగువ అహోబిలం గుడి దాటి భవనాశి వాగు వెంట నడక మొదలుపెడితే దూరాలు కథల్లోనే తెలుస్తాయి. జ్వాలా నరసింహుడి సన్నిధి ఇంకెంత దూరమని కర్ర ఊతంగా నడుస్తున్న ఒక పెద్దావిడను అడిగాను. "రక్తకుండం పక్కనే నాయనా" అంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి చేతులు కడుక్కున్నది అక్కడేనట. గుండంలో నీళ్లు ఎర్రగా కనిపించాయి. దోసిట్లోకి తీసుకుంటే మాత్రం తేటగా ఉన్నాయి.

తలెత్తితే నిట్టనిలువుగా చీలిన ఉగ్రస్తంభం. కథ తెలియనివారికి అది నల్లమలలో ఒక కొండకొమ్ము. తెలిసినవారికి ఆ లోయంతా రాక్షసరాజు మహలే: స్వామి వెలువడిన స్తంభం అదిగో, వాణ్ణి ఒళ్లో వేసుకున్న గడప ఇదిగో. ప్రహ్లాదుడి బడి కూడా దగ్గర్లోనే ఉంది.

పురాణంతోనే సరిపెట్టుకుని ఉంటే ఇది భయంతో దండం పెట్టి గబగబా దిగిపోయే కొండే అయ్యేది. చెంచులు దాన్ని అత్తవారిల్లు చేశారు. ఉగ్రం చల్లారక అడవిలో తిరుగుతున్న నరసింహుడు చెంచు పిల్ల మీద మనసుపడ్డాడు. చెట్టెక్కడం, తేనె తీయడం వచ్చని చూపిస్తేగాని వాళ్లు పిల్లనివ్వలేదని చెబుతారు. లోకాలేలేవాడికైనా మామగారి ముందు పరీక్ష తప్పలేదన్నమాట! దిగువ గుడి స్తంభాల మీద చెంచులక్ష్మి వెంటపడుతున్న స్వామిని చూశాక, నాకైతే పేగులు తీసిన రూపం కంటే ఈ రూపమే నచ్చింది.

ఆ పెళ్లికథ కొండ మీదే ఆగలేదు. ఏటా కనుమనాడు పారువేట మొదలవుతుంది. చెంచులు పల్లకి మీదికి బాణాలు వేసి సాగనంపుతారు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి జనాన్ని పిలవడానికి స్వామి నెల దాటి ఊరూరా తిరుగుతాడు. కొండ ఎక్కలేనివాళ్ల ఊరు కూడా అలా అహోబిలంలో కలిసిపోతుంది.

ఆళ్లగడ్డ బస్సులో పక్కన కూర్చున్న ఆమె కిటికీలోంచి చెట్టు కింది అరుగును చూపించి, "స్వామి పల్లకి దించేది అక్కడేనన్నా" అంది. పారువేటకు ఆడపిల్లలను పుట్టింటికి పిలుచుకుంటారట.

"మరి సంక్రాంతికి?" అన్నాను.

"సంక్రాంతికి రాకపోయినా ఏమీ అనుకోం. దీనికి రాకపోతే మాత్రం స్వామికేం చెప్పాలి?"